గుండె మార్చిన పిల్లకు కడుపునొప్పి వస్తే

పిల్లకు గుండె మార్పిడి జరిగి ఏడాదిన్నర అయింది. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు, పొద్దున ఒకసారి వాంతి చేసుకుంది, కడుపులో నొప్పి అంటోంది. భూపాలపల్లి వైపు ఏ ఊళ్ళోనైనా ఇంట్లోవాళ్ళు ముందు ఏమనుకుంటారు? అరగలేదంటారు, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేస్తారు, తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు, అక్కడ గ్యాస్ మందూ వాంతుల సూదీ పడతాయి. మామూలు పిల్లకైతే ఇందులో కొంపలు మునిగేదేమీ లేదు. గుండె మార్చిన పిల్లకు మాత్రం ఇవే రిజెక్షన్‌కు, అంటే కొత్త గుండె మీద ఒళ్ళు చేసే దాడికి, మొదటి గుర్తులు కావచ్చు, అలా పోయిన రెండు రోజులే ప్రాణం మీదికి తేవచ్చు.

రిజెక్షన్ అనే మాట మన దగ్గర చాలామందికి ఒకే రకంగా అర్థమవుతుంది. "పెయ్యి (ఒళ్ళు) ఒప్పుకోలేదట" అంటారు. అంటే ఆపరేషన్ ఫెయిలైందని, ఇక చేసేదేమీ లేదని. ఈ అర్థం తప్పు, పైగా దీనివల్ల నష్టం కూడా జరుగుతుంది, ఎందుకంటే పిల్ల ఆస్పత్రి నుంచి నవ్వుకుంటూ ఇంటికొస్తే "పెయ్యి ఒప్పుకుంది, గండం గడిచింది" అని కూడా అదే లెక్కన అనుకుంటారు కదా. ఒంటికి ఒక్కసారిగా ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అంటూ ఉండదు. కొత్త గుండెను పిల్ల ఒళ్ళు ఎప్పటికీ పరాయిదిగానే చూస్తుంది, మందులు దాని చేతులు కట్టేసి ఉంచుతాయి, ఆ కట్టు వదులైన రోజున దాడి మొదలవుతుంది. అది పదిహేను రోజులకు కావచ్చు, పదేళ్ళకు కావచ్చు. తొందరగా కనిపెడితే చాలా రిజెక్షన్లు మందులతో వెనక్కి తగ్గుతాయి, ఈ మాట మన ఊళ్ళలో ఎవరూ చెప్పరు.

అసలు ఒళ్ళు ఎందుకు ఎదురు తిరుగుతుంది? మన కణాల మీద ఎవరికి వారికే ప్రత్యేకమైన గుర్తులు ఉంటాయి, వీటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి, అందుకే సొంత అన్నదమ్ముల్లో కూడా అందరికీ కలవవు. రక్తంలో తిరిగే రక్షణ కణాల్లో ఒక రకమైన టీ కణాల పని ఈ గుర్తులు చూసుకుంటూ పోవడమే. తనది కాని గుర్తు కనబడితే టీ కణం మేల్కొని ఐఎల్-2 అనే రసాయనాన్ని వదులుతుంది, దాంతో అలాంటి కణాలే లక్షలుగా పెరిగి గుండె కండరం మీద పడతాయి. బీ కణాల దారి వేరు, అవి యాంటీబాడీలు తయారుచేసి గుండెలోని సన్న రక్తనాళాల గోడల మీదికి పంపుతాయి. మొదటిదాన్ని సెల్యులర్ రిజెక్షన్ అని, రెండోదాన్ని యాంటీబాడీ రిజెక్షన్ అని పిలుస్తారు, ఒకే పిల్లలో రెండూ కలిసి కూడా రావచ్చు.

కిడ్నీ మార్పిడిలోనైతే ఈ గుర్తులు ఎంతవరకు కలుస్తాయో ముందే చూసి దాతను ఎంచుకునే వీలుంటుంది. గుండెకు ఆ తీరిక లేదు. దాత ఒంట్లోంచి తీసిన గుండె దాదాపు 4 గంటల్లోపు మళ్ళీ కొట్టుకోవాలి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఒక గుండెను మెట్రో రైల్లో తీసుకెళ్ళింది అందుకే. బ్లడ్ గ్రూపు, గుండె సైజు, పిల్ల రక్తంలో ముందే ఉన్న యాంటీబాడీలు చూసుకుని ముందుకు పోతారు. మిగతా గుర్తులు కలవకపోవడం మామూలే, ఆ తేడాను జీవితాంతం మందులతోనే నెట్టుకురావాలి.

ఒంటికి జ్ఞాపకం కూడా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాలిన గాయాలకు వేరేవాళ్ళ చర్మం అతికించి చూసిన బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్, అదే దాత చర్మాన్ని రెండోసారి అతికిస్తే ఒళ్ళు మొదటిసారికంటే ఇంకా తొందరగా ఊడగొడుతుందని గమనించాడు. ఆ దారిలో సాగిన పరిశోధనలకే 1960లో ఆయనకు నోబెల్ వచ్చింది. పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లలకు ఈ జ్ఞాపకం పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. మార్పిడి దాకా వచ్చేసరికి వాళ్ళకు రెండు మూడు ఆపరేషన్లు అయి ఉంటాయి, ఎన్నోసార్లు రక్తం ఎక్కించి ఉంటారు, కొందరికి దాతల కణజాలంతో అతుకులు కూడా వేసి ఉంటారు. ఎక్కించిన ప్రతి పరాయి రక్తాన్నీ ఒళ్ళు గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు పోగేసుకోగలదు. అలాంటి పిల్లకు సరిపోయే గుండె దొరకడమే కష్టం, దొరికాక కూడా యాంటీబాడీ రిజెక్షన్ ముప్పు ఎక్కువ. ఆపరేషన్లేవీ జరగకుండా గుండె కండరం జబ్బుతో నేరుగా మార్పిడికి వచ్చిన పిల్లలు ఈ విషయంలో కొంత నయం.

మందుల కథ తెలియకపోతే తల్లిదండ్రులకు ఆ గోళీల విలువ తెలియదు, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలి గుండె మార్పిడి చేసినప్పుడు కొత్త గుండె చక్కగానే కొట్టుకుంది, ఆ రోగి మాత్రం 18 రోజులకు న్యుమోనియాతో చనిపోయాడు, రిజెక్షన్ రాకూడదని ఇచ్చిన మందులు ఒంట్లో రక్షణనంతా పడగొట్టాయి. మూడు రోజుల తర్వాత బ్రూక్లిన్‌లో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ ఒక పసిబిడ్డకు గుండె మార్చాడు, ఆ బిడ్డ కొన్ని గంటలే బతికింది. 1968లో ప్రపంచమంతా కలిపి వందదాకా మార్పిడులు జరిగాయి, ఎక్కువమంది నెలల్లోనే పోవడంతో చాలా ఆస్పత్రులు ఆ పనే మానుకున్నాయి. పరిస్థితిని మార్చింది మట్టిలో దొరికిన బూజు. నార్వే మట్టిలోని ఒక బూజు నుంచి వచ్చిన సైక్లోస్పోరిన్‌కు 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది, 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి టాక్రోలిమస్ పుట్టింది. ఈ రెండూ టీ కణం ఐఎల్-2 తయారుచేసుకోకుండా అడ్డుపడతాయి, మిగతా రక్షణను పాత మందులంతగా దెబ్బతీయవు. 1985లో అమెరికాలోని లోమా లిండాలో లియోనార్డ్ బెయిలీ ఒక నవజాత శిశువుకు చేసిన మార్పిడి నిలబడింది. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో తొలి గుండె మార్పిడి చేసిన వేణుగోపాల్ గారు తెలుగువారే. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలకు టాక్రోలిమస్, దానితో పాటు కణాలు పెరగకుండా ఆపే మైకోఫినోలేట్, మొదట్లో స్టెరాయిడ్ ఇస్తారు.

పసిపిల్లల్లో ఒక వింత ఉంది. పుట్టిన కొన్ని నెలల దాకా శిశువు ఒళ్ళు వేరే బ్లడ్ గ్రూపుల మీద సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోదు, అంటే పోరాటం ఇంకా నేర్చుకోలేదన్నమాట. దీన్ని ఆసరాగా చేసుకుని టొరంటో డాక్టర్లు గ్రూపు కలవని గుండెలను శిశువులకు పెట్టి, ఆ ఫలితాలను 2001లో ప్రచురించారు, పెద్దవాళ్ళకు అలా పెడితే నిమిషాల్లో గుండె నల్లబడిపోయే ప్రమాదం ఉంది. అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కల్లో కూడా పసితనంలో గుండె మార్చిన పిల్లల్లో సగానికి సగం మంది మార్పిడి తర్వాత 20 ఏళ్ళు దాటి బతుకుతున్నారు. పదకొండేళ్ళ వయసు దాటాక మార్పిడి జరిగినవాళ్ళలో ఆ కాలం తగ్గుతుంది. దీనికి ఒళ్ళొక్కటే కారణం కాదు, వయసు కూడా, ఆ సంగతి కొంచెం కింద.

ఉన్నట్టుండి వచ్చే అక్యూట్ రిజెక్షన్ ముప్పు మొదటి ఏడాదిలో, అందులోనూ తొలి నెలల్లో ఎక్కువ. అందుకే డాక్టర్లు మొదట్లో వారం వారం రమ్మంటారు. అసలు ఇబ్బంది ఏమిటంటే, మార్చిన గుండె నొప్పి చెప్పదు. దాత ఒంట్లోంచి తీసేటప్పుడు నరాలన్నీ తెగిపోతాయి, వాటిని తిరిగి కలపడం కుదరదు. కొన్నేళ్ళకు కొన్ని నరాలు మళ్ళీ మొలవొచ్చు గానీ దాని మీద భరోసా పెట్టుకోలేం. కాబట్టి ఛాతీలో నొప్పి రాలేదంటే గుండె బాగున్నట్టు కాదు. ఈ గుండె ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా మామూలు గుండె కంటే కొంచెం వేగంగానే కొట్టుకుంటుంది, పరుగు మొదలుపెడితే నెమ్మదిగా పుంజుకుంటుంది. గుండె బలం తగ్గితే రక్తం వెనక్కి నిలిచిపోయి కాలేయం ఉబ్బుతుంది, పేగులకు రక్తం చాలదు. అందుకే పిల్లల్లో గుండె జబ్బు కడుపు వేషంలో వస్తుంది: నొప్పి, వాంతులు, ఆకలి చావడం. పాలు తాగే బిడ్డైతే నాలుగు గుక్కలకే అలిసిపోతుంది, తాగుతుంటే నుదురు చెమట పడుతుంది. కొంచెం పెద్ద పిల్లలు ఆటకు పోనంటారు, ఊరికే చిరాకుపడతారు, ముఖం తేలిపోతుంది, చేతులు చల్లబడతాయి. కొందరిలో జ్వరం తప్ప ఇంకేమీ ఉండదు. ఇంకొందరిలో ఏ గుర్తూ ఉండదు, అదే అన్నిటికంటే భయపెట్టేది.

ఆ ఏ గుర్తూ లేని రిజెక్షన్ కోసమే బయాప్సీ. మెడలోని రక్తనాళంలోంచో తొడలోని రక్తనాళంలోంచో సన్నటి తీగను గుండె దాకా పంపి, బియ్యపు గింజ కంటే చిన్న ముక్కలు కొన్ని తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. 1973లో స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ కేవ్స్ మొదలుపెట్టిన ఈ పద్ధతే ఇప్పటికీ ఆధారం. 2004లో సవరించిన లెక్క ప్రకారం సున్నా నుంచి మూడు దాకా గ్రేడ్లు ఇస్తారు, రిపోర్టులో 2ఆర్, 3ఆర్ అని ఉంటే చికిత్స తప్పనిసరి. సాధారణంగా మూడు రోజులపాటు పెద్ద మోతాదులో స్టెరాయిడ్ రక్తనాళంలోకి ఎక్కిస్తారు, యాంటీబాడీల రకమైతే రక్తంలోంచి వాటిని వడకట్టడం, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించడం లాంటివి చేస్తారు. పిల్లకు ప్రతిసారీ మత్తు ఇచ్చి ఈ ముక్కలు తీయించడం తల్లికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. "బాగానే ఆడుకుంటోంది కదా, ఈసారికి వద్దులే" అనిపిస్తుంది. అలా వదిలేయకూడదు. పసిపిల్లల్లో రక్తనాళాలు మరీ సన్నవి కాబట్టి చాలాచోట్ల బయాప్సీలు తగ్గించి ఎకో (గుండె స్కాన్) మీద ఎక్కువ ఆధారపడతారు. ఎన్నిసార్లు తీయాలో డాక్టర్ చెప్పాలి, ఇంటివాళ్ళు తమంతట తాము వాయిదా వేయకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మన జిల్లాల పిల్లలకు గుండె మార్పిడి సాధారణంగా హైదరాబాద్‌లోనో చెన్నైలోనో జరుగుతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. ఆపరేషన్ కొన్ని గంటల పని, రిజెక్షన్‌ను ఆపే పని మాత్రం ఏళ్ళ తరబడి ఊళ్ళో, ఇంట్లో, పొద్దున సాయంత్రం జరుగుతుంది. టాక్రోలిమస్ ప్రతి 12 గంటలకు పడాలి. రక్తంలో దాని మోతాదు ఒక గీత కంటే తగ్గితే రిజెక్షన్, ఒక గీత దాటితే కిడ్నీలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి, షుగర్, బీపీ వస్తాయి, ఇన్ఫెక్షన్లు చుట్టుకుంటాయి. ఈ రెండు గీతల మధ్య సందు చాలా ఇరుకు, పైగా ఏ ఇద్దరు పిల్లల ఒళ్ళూ ఆ మందును ఒకేలా ఖర్చు చేయవు.

అందుకే రక్తంలో మందు ఎంత ఉందో చూసే లెవల్ పరీక్ష. ఇక్కడ మనవాళ్ళు తరచుగా చేసే ఒక పొరపాటు ఉంది. ఈ పరీక్షకు రక్తం పొద్దుటి మోతాదు వేసుకోకముందు, అంటే రాత్రి మోతాదుకు 12 గంటల తర్వాత ఇవ్వాలి. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి, ఎనిమిదవుతోంది కదా, టైము తప్పకూడదని రైల్లోనే గోళీ వేసేసి, పదింటికి రక్తం ఇస్తారు. మందు అప్పుడే రక్తంలోకి ఎక్కి ఉంటుంది కాబట్టి లెవల్ ఎక్కువ కనిపిస్తుంది, అది నిజమనుకుని డాక్టర్ మోతాదు తగ్గిస్తే పిల్ల ఒంట్లో మందు చాలకుండా పోతుంది. ఒక్క గోళీ రక్తం ఇవ్వకముందే పడటం వల్ల ఇంత జరుగుతుంది. పొరపాటున వేసేసి ఉంటే దాచకుండా చెప్పేయాలి, ఎవరూ ఏమీ అనరు, పరీక్ష ఇంకో రోజు చేసుకోవచ్చు. హన్మకొండలోనే రక్తం తీసి హైదరాబాద్‌కు పంపే ల్యాబ్ దొరికితే ఈ ప్రయాణం బాధ చాలా తప్పుతుంది, అలా చేయించవచ్చా అని డాక్టర్‌ను అడగడంలో తప్పేమీ లేదు.

పిల్లలు పెరుగుతారు, గుండె కూడా వాళ్ళతో పాటే పెరుగుతుంది, మందు మోతాదు కూడా మారుతూ పోవాలి. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు పిల్ల ఎత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కుకున్న తల్లికి ఈ లెక్క బాగా తెలుసు, రెండేళ్ళ కిందటి బరువుకు తూచిన బెల్లం ఇప్పటికి సరిపోదు. (మొక్కు తీర్చడానికి పిల్లను ఆ జనంలోకి తీసుకుపోవాలా, జంపన్న వాగులో ముంచాలా అంటే, తొలి ఏడాదిలో అసలే వద్దు, ఆ తర్వాత కూడా డాక్టర్‌ను అడిగాకే. మొక్కు పెద్దవాళ్ళు తీర్చవచ్చు.) వానాకాలం విరేచనాలు ఇంకో చిక్కు. విరేచనాలైతే మందు బయటికి పోయి లెవల్ తగ్గుతుందని అందరూ అనుకుంటారు, టాక్రోలిమస్‌కు చాలాసార్లు తలకిందులుగా జరుగుతుంది, పేగు గోడ దెబ్బతిని మందు ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది, అదే సమయంలో నీరు తగ్గి కిడ్నీ ఎండిపోతుంది. రామగుండం ఎండల్లో వడదెబ్బ తగిలినా కిడ్నీ మీద ఇదే భారం. మందు డబ్బాను కూడా రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెట్టకూడదు.

ఇక వేరే మందులు. ఊళ్ళో జ్వరానికీ దగ్గుకూ వేసే మామూలు మందుల్లోనే ప్రమాదం ఉంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, తామరకు ఇచ్చే ఫ్లూకోనజోల్ టాక్రోలిమస్ లెవల్‌ను పైకి నెట్టేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని పాతాళానికి దింపేస్తుంది, కొన్ని ఫిట్స్ మందులూ అంతే, పిల్ల రోజూ గోళీలు వేసుకుంటూనే రిజెక్షన్‌లోకి వెళ్ళిపోతుంది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు టాక్రోలిమస్‌తో కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. పంపరపనస పండు కూడా లెవల్ పెంచుతుంది, అది మానేయడమే మేలు. మెడికల్ షాపులో "అదే మందు, కంపెనీ వేరు" అని ఇస్తే తీసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయాలి, బ్రాండ్ మారితే లెవల్ మళ్ళీ చూసుకోవాలి.

కరోనా తర్వాత ప్రతి ఇంట్లో ఇమ్యూనిటీ అనే మాట పాకిపోయింది. తిప్పతీగ కషాయం తాగించమని, అశ్వగంధ పెట్టమని చుట్టాలు ప్రేమగానే చెబుతారు. ఈ పిల్లకు ఇమ్యూనిటీ పెంచడమంటే గుండె మీద దాడికి బలం పెంచడమే. మంచి మనసుతో ఇచ్చిన కషాయమే అయినా వద్దని గట్టిగా చెప్పాలి. పల్స్ పోలియో రోజు ఇంటికి వచ్చే ఆశా వర్కర్‌కు కూడా ముందే చెప్పి పెట్టాలి. నోట్లో వేసే చుక్కల్లో బలం తగ్గించిన బతికున్న వైరస్ ఉంటుంది, గుండె మార్చిన పిల్లకు అది పనికిరాదు, సూది రూపంలో ఉన్న పోలియో టీకా వేరు. తట్టు, అమ్మవారు టీకాలూ బతికున్న రకాలే. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ చుక్కల సంగతి కూడా అడగాలి.

పైన వయసు అన్నది ఇందుకే. పన్నెండు, పదమూడేళ్ళ దాకా అమ్మ టైముకు గోళీ చేతిలో పెడుతుంది. ఆ తర్వాత పిల్లాడు గురుకులం హాస్టల్‌కు పోతాడు, స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బిందని, మొటిమలొచ్చాయని తోటివాళ్ళు ఏడిపిస్తారు, ఒక రోజు గోళీ మానేసి చూస్తాడు, ఏమీ కాదు. వారం మానేస్తాడు, అప్పుడూ ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే ఇక్కడ మోసం, గుండె నొప్పి చెప్పదు కాబట్టి. ఏళ్ళు గడిచాక వచ్చే రిజెక్షన్లకు, ఆ వయసులో జరిగే చావులకు మందులు మానేయడం పెద్ద కారణమని ప్రపంచమంతా ఒకే మాట చెబుతోంది. తిట్టి లాభం లేదు. రూపం గురించి వాడి బాధ నిజమైన బాధే, దాన్ని డాక్టర్ ముందు పెడితే స్టెరాయిడ్ తగ్గించడానికో మందు మార్చడానికో దారి ఉండొచ్చు. హాస్టల్ వార్డెన్‌కు, ఒక క్లాస్ టీచర్‌కు, ఒక దగ్గరి స్నేహితుడికి విషయం తెలిసి ఉండాలి. దాచిపెడితే పిల్లాడు ఒంటరివాడవుతాడు.

అన్నీ సరిగ్గా చేసినా నెమ్మదిగా వచ్చే రిజెక్షన్ ఒకటుంది. గుండెకు రక్తం తెచ్చే కరోనరీ నాళాల గోడలు ఏళ్ళ తరబడి లోపలికి దళసరెక్కి సన్నబడిపోతాయి. నొప్పి లేకుండానే. అందుకే ఏడాదికో రెండేళ్ళకో యాంజియోగ్రామ్ చేస్తారు, మందులతో దాని వేగం తగ్గించవచ్చు, మరీ ముదిరితే రెండో గుండె తప్ప దారి లేదు. పిల్లకు పెట్టిన గుండె జీవితాంతం రాకపోవచ్చని ఆపరేషన్‌కు ముందే తల్లిదండ్రులకు తెలుగులో, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. తెలిస్తే భయపడతారని చెప్పకుండా ఉండటం అన్యాయం.

డబ్బు సంగతి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, అవయవాల కేటాయింపు 2013 నుంచి జీవన్‌దాన్ పథకం ద్వారా జరుగుతోంది. ఇవి మంచి ఏర్పాట్లు. ఐతే మందుల తర్వాత కుటుంబాన్ని కుంగదీసేది దారి ఖర్చులూ, పోయిన కూలీలూ. లెవల్ పరీక్షలు, ఎకోలు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్‌లలోనే జరిగి, రిపోర్టు మార్పిడి చేసిన డాక్టర్‌కు ఫోన్‌లో చేరితే ఎంతమంది తండ్రులు పని మానుకోకుండా ఉంటారో.

మళ్ళీ ఆ కడుపునొప్పి పిల్ల దగ్గరికి వద్దాం. ఆమె మెడలోనో స్కూల్ బ్యాగులోనో ఒక కార్డు ఉండాలి, తెలుగులో: గుండె మార్పిడి జరిగిన తేదీ, వాడుతున్న మందులు, మామూలుగా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో, మార్పిడి చేసిన ఆస్పత్రి ఫోన్ నంబర్. ఇంట్లోవాళ్ళు ముందు ఆ నంబర్‌కు ఫోన్ చేసి, వాంతిలో గోళీ పోయిందో లేదో చెప్పి, మళ్ళీ వేయాలా అని అడిగి, దగ్గర్లోని పెద్దాస్పత్రికి బయలుదేరాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనైనా ఇంకెక్కడైనా డ్యూటీలో ఉన్న డాక్టర్ ఆ కార్డు చూసి ముందు ఈసీజీ, ఎకో తీయాలి, కాలేయం ఉబ్బిందేమో చేత్తో చూడాలి. వాంతులు కదా అని సెలైన్ వేగంగా ఎక్కించేస్తే అలిసిపోయిన గుండె ఆ నీటి బరువుకే ఆగిపోవచ్చు. గుండె బలం తగ్గిందని ఎకోలో తేలితే హైదరాబాద్ డాక్టర్‌తో మాట్లాడి స్టెరాయిడ్ మొదటి మోతాదు ఇక్కడే ఎక్కించి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో పంపవచ్చు. గ్యాస్ నొప్పే అని తేలితే మంచిదే, పిల్ల సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది.